సముద్రపు తోటకు పోయి వచ్చాక

బయ్యారం,
నవంబరు 30, ఆదివారం.

చిరంజీవి అక్షయకు,

మీ అమ్మ శైలజ ప్రేమతో దీవించి రాస్తున్నది. ఇంట్లో అందరం క్షేమంగా ఉన్నాం. నువ్వు కూడా అలాగే ఉండాలని రోజూ అనుకుంటూనే ఉంటాను. అక్కడ చలి మొదలైందని రాశావు. నేను పంపిన స్వెటర్ యూనిఫాం లోపల వేసుకోనిస్తారో లేదో మాత్రం రాయలేదు. వేసుకోనివ్వకపోతే పడుకునేటప్పుడైనా వేసుకో.

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. పోస్ట్‌మన్ నర్సరీ దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. జవాన్ల ట్రైనింగులో ఆదివారం నీకిచ్చే పది నిమిషాల ఫోను దేనికీ సరిపోదని ఆరు పేజీలు రాశావు. చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది. ఈ రోజు ఫోనులో నేను అన్నీ పైపైనే మాట్లాడానని నీకు అనిపించి ఉంటుంది. నీ వెనక వరసలో పిల్లలు నిలబడి ఉంటారు, నా పక్కన మీ బాపమ్మ చెవి పెట్టుకుని ఉంటుంది. అందుకే ఫోను పెట్టేసి కాగితం తీశాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బాపమ్మ కన్ను బాగుంది. మహబూబాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి నెల దాటింది. ఇప్పుడు ఆమెకు అన్నీ కనిపిస్తున్నాయి, అదే నాకు కష్టమైంది. గోడ మూలల్లో బూజు, బియ్యంలో వడ్లగింజ, నా జాకెట్ చంకలో ఊడిన కుట్టు, ఏదీ వదలదు. ఇన్నేళ్లు ఇదంతా ఇట్లనే ఉన్నదా అని అడుగుతుంది. మీ బాపు భూపాలపల్లిలోనే ఉన్నాడు, బొగ్గు లారీ మీదే. ఈ నెలంతా రెండో షిఫ్ట్. శనివారం వస్తే ఆదివారం సాయంత్రానికి తిరిగి పోతాడు. నువ్వు అడిగినట్టు నీ సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. గోనెసంచి కప్పి వెనక గదిలో పెట్టాను.

ఇక సముద్రం సంగతి. మీ గదిలో ఉండే కేరళ అమ్మాయి నువ్వు ఇంతవరకు సముద్రం చూడలేదంటే నమ్మలేదని, మీ అమ్మ చూసిన తోట గురించి వివరంగా రాయమని అడిగిందని రాశావు. రాస్తాను. ఆమెకు వినిపిస్తానన్నావు కనుక నీకు తెలిసిన సంగతులు కూడా మొదటి నుంచి రాస్తున్నాను. మొత్తం వినిపించనక్కరలేదు. ఎక్కడ ఆపాలో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

పోదామన్నది జమ్లీ అక్క. మన ఊరి నర్సరీలో ఆమె, నేను కలిసి పదకొండేళ్లయింది. ఏటా ఇరవై వేల మొక్కలు పెంచుతాం. వేప, కానుగ, నేరేడు, చింత, నల్లమద్ది. మట్టి జల్లించి, ఎరువు కలిపి, కవర్లు నింపి, విత్తనం పెట్టి, జానెడు ఎత్తు రాగానే ట్రాక్టర్‌లో ఎక్కించి పంపిస్తాం. తర్వాత వాటి ముఖం చూడం. రోడ్డు పక్కన నాటినవి సగం ఎండుతాయి, సగం మేకలు తింటాయి. మిగిలినవి ఎక్కడ పెరుగుతున్నాయో మాకు తెలియదు. ఒకరోజు జమ్లీ అక్క కవర్లు పేరుస్తూ, ఇన్నేళ్లలో మనం పెంచిన ఒక్క చెట్టు కింద కూడా కూర్చోలేదు కదా అంది. ఆ మాట అన్న వారానికే ఆమె కూతురు రాజీ ఫోనులో ఒక తోట చూపించింది. బాపట్ల అవతల, సముద్రం ఒడ్డున, ఉత్త ఇసుకలో ఎవరో ముప్పై ఏళ్లు కష్టపడి అడవిని పెంచారట. జమ్లీ అక్క ఆ వీడియో నాలుగుసార్లు చూసి, డిసెంబరులో కవర్ల పని మొదలయ్యేలోపు పోయి రావాలంది.

నేను జువేరియాకు ఫోన్ చేశాను. జువేరియా, నేను గార్ల బడిలో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పెళ్లయి జనగామ పోయి, అక్కడ మగ్గం వర్కు జాకెట్లు కుడుతూ కొట్టు పెట్టుకుంది. నేను మాట పూర్తి చేయకముందే వస్తున్నానంది. రైలు జనగామలో ఆమెను ఎక్కించుకుని వచ్చింది, మహబూబాబాద్‌లో మేమిద్దరం ఎక్కాం. నలభై ఐదేళ్ల ఆడవాళ్లం ముగ్గురం, ఇంట్లో ఎవరూ లేకుండా, ఏ పెళ్లీ చావూ లేకుండా రైలెక్కడం అదే మొదటిసారి. డోర్నకల్ దాటేదాకా ఎవరికీ మాట రాలేదు. తర్వాత జువేరియా డబ్బా తెరిచి ఖీమా పరోటాలు పెట్టింది. అక్కడి నుంచి నోరు మూతపడలేదు.

ఆ తోట గేటు చూస్తే ఏమీ అనిపించదు. బయటంతా తెల్లటి ఇసుక, మొగలి పొదలు. ముందు మూడు వరసల సరుగుడు చెట్లు, ఆ ఉప్పుగాలికి వంగిపోయి ఉన్నాయి. అవి దాటి పది అడుగులు వేశామో లేదో గాలి మారిపోయింది. బయట ముఖానికి ఇసుక కొట్టిన గాలి లోపల తడిబట్టలా తగిలింది. నేల మీద రాలిన ఆకు మెత్తగా అడుగు లోతున ఉంది. జమ్లీ అక్క చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు, నేనూ విడిచాను.

తోట చూపించడానికి ఒక పెద్దావిడ మాతో నడిచింది. ముప్పై ఏళ్ల కింద ఇక్కడ నీళ్లు మోసిన కూలీ తనేనని చెప్పింది. కోకో చెట్టు చూపించింది. కాయలు కొమ్మకు కాకుండా మానుకే అతుక్కుని వేలాడుతున్నాయి. ఒకటి కోసి పగలగొట్టి ఇస్తే గింజల చుట్టూ ఉన్న తెల్ల గుజ్జు చప్పరించాం. అచ్చం సీతాఫలం లెక్కనే ఉన్నదని జువేరియా తేల్చింది. జాజికాయ చెట్టు, దాని మీదికి పాకిన మిరియాల తీగ, పడవ తెడ్డంత ఆకులున్న సీమపనస. ఒకచోట నాగలింగం చెట్టు నిండా పూసి ఉంది, కింద ఎర్రగా రాలి, చుట్టూ అత్తరు వాసన. జువేరియా రాలిన ఆకులూ పూరేకులూ ఏరి తన నోట్‌బుక్కులో పెట్టుకుంది, జాకెట్ చేతుల మీదికి కొత్త డిజైన్లు దొరికాయంటూ. మా వెనక వస్తున్న ఇద్దరు మనుషులు మా మాటలు విని, "గిదేంది, గదేంది" అని మెల్లగా అనుకరించి నవ్వుకున్నారు. జువేరియా ఆగి వెనక్కి తిరిగి, "మీకు ఏ చెట్టన్న తెల్వకుంటే అడుగుండ్రి, చెప్తం," అంది. వాళ్లు వేరే దారిలో పోయారు.

పెద్దావిడ మాత్రం మమ్మల్ని గుర్తుపట్టింది. మేం కొమ్మల కంటే ముందు మొదళ్లు చూస్తున్నామని, మొక్కల పని చేసేవాళ్లలా ఉన్నామని అంది. జమ్లీ అక్క ఆమెను మొదట అడిగిన ప్రశ్న, వందలో ఎన్ని చస్తాయని. ఆవిడ దాచలేదు. మొదట్లో వందకు ఎనభై పోయేవట. చెరువు మట్టి, కొబ్బరి పీచు, చేపల ఎరువు కలిపి గోతులు నింపినా వేరు ఇసుకలోకి దిగగానే ఉప్పు తగిలి మాడిపోయేదట. సరుగుడు ఎదిగి గాలిని ఆపిన తర్వాతే లోపలి మొక్క నిలబడిందట. ఒక మొక్క బతకాలంటే ముందు దానికి అడ్డం ఒకటి నిలబడాలని ఆవిడ మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పింది. జమ్లీ అక్క ఒక పొన్న చెట్టు కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అరగంట లేవలేదు. మేం పిలిస్తే, ఉండండి, ఇన్నేళ్ల బాకీ కూర్చోనియ్యండి అని కళ్లు మూసుకుంది.

తల్లీ, ఆ అరగంట నా జీవితంలో మంచి అరగంట. అది నీకు రాయకుండా మిగతాది రాస్తే ఆ రోజుకు అన్యాయం చేసినట్టవుతుంది.

తోట వెనక చిన్న వెదురు తలుపు ఉంది. అది తీస్తే సముద్రం. చప్పుడు అప్పటిదాకా వింటూనే ఉన్నాం గానీ అంత దగ్గరుందనుకోలేదు. పెద్దావిడ తలుపు దగ్గరే ఆగి, మొన్న వాయుగుండం పోయిన తర్వాత అల ఇంకా తగ్గలేదని, మోకాలి లోతు దాటొద్దని చెప్పింది. "కాళ్ల కింద ఇసకని నమ్మకండమ్మా, అది లాగేసుకుంటది," అంది. సరేనన్నాం.

జువేరియా బురఖా తడుస్తుందని సంచులూ ఫోన్లూ పట్టుకుని సరుగుడు నీడలో కూర్చుంది. జమ్లీ అక్క, నేను చేతులు పట్టుకుని నీళ్లలోకి దిగాం. ఆమె చిన్నపిల్లలా నవ్వుతోంది. ఉప్పు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మింది. ఇంకో అడుగు, ఇంకో అడుగు అంటూ ముందుకు నడిచింది, నేను వద్దనలేదు. మోకాలి లోతు దాటాం. ఒక అల మా నడుం దాకా వచ్చి వెళ్లింది. దాని వెనక వచ్చింది మాత్రం మా తలల కంటే ఎత్తుంది. ఇద్దరం పడిపోయాం. నీళ్లు వెనక్కి లాగుతుంటే జమ్లీ అక్క లోపలికి పోయింది. వల సర్దుకుంటున్న ఒక చేపలు పట్టే ఆయన నా కేక విని పరుగెత్తుకొచ్చి, ఆమె కొంగు, జుట్టు కలిపి పట్టుకుని ఇవతలికి ఈడ్చాడు. జువేరియా బురఖాతోనే గొంతు లోతు నీళ్లలోకి దిగి రెండో చెయ్యి అందుకుంది. ఒడ్డున పడుకోబెట్టి వీపు రుద్దితే జమ్లీ అక్క నీళ్లు కక్కి ఊపిరి తీసుకుంది. గాజులు పగిలి ముంజేయి కోసుకుపోయింది. అంతకంటే ఏమీ కాలేదు.

ఇంతవరకు నీకు తెలుసు. ఆ తర్వాతి ఆదివారం ఫోనులో బాపమ్మ నీకు చెప్పింది కూడా ఇదే, కాకపోతే ఒక మాట ఎక్కువ చెప్పింది. చేపలాయన వచ్చేదాకా మీ అమ్మ జమ్లీ చెయ్యి వదలకుండా పట్టుకుందని, అందుకే మనిషి దక్కిందని. నువ్వు ఆ మాట పట్టుకుని మీ బ్యారక్‌లో అందరికీ చెప్పావు. ఉత్తరంలో రాశావు కదా, "ముప్పై అడుగుల మంచె మీద నుంచి కింద వలలోకి దూకమంటే నేను మాత్రం దూకలేక, అందరూ చూస్తుండగా నిచ్చెన దిగి వచ్చిన అమ్మా. సముద్రంల చెయ్యి వదలని నీకు నాలాంటి బిడ్డ ఎట్ల పుట్టిందో. ఇంటికి వచ్చేస్త. నీ మనసులో అప్పుడు ఏమున్నదో ఒక్కసారి రాయి, నాకు భయం లేకుండా ఎట్లుండాల్నో తెలుస్తది," అని. ఆ పేజీ నర్సరీలో షేడ్ నెట్ కింద నిలబడి మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేకపోయాను.

అక్షయా, నేను చెయ్యి పట్టుకోలేదు. వదిలించుకున్నాను.

జారిపోయిందని రాస్తే సులభంగా ఉండేది. జారలేదు. అల మీద పడినప్పుడు జమ్లీ అక్క నా కుడి మణికట్టును రెండు చేతులా పట్టుకుంది. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు నా కాలికి ఇసుక తగిలింది. ఆమెకు తగల్లేదు. ఆమె బరువంతా నా చేతి మీద ఉంది, నా కాలు కూడా జారుతోంది. అప్పుడు నా ఎడమ చేత్తో ఆమె వేళ్లు విప్పాను. ముందు చిటికెన వేలు, తర్వాత పక్కది. గోళ్లతో ఆమె ముంజేతిని గీరాను. ఆ కొంచెంసేపట్లో నాకు నువ్వు గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. ఆమె ఎవరో కూడా గుర్తు లేదు. ఒడ్డు మీదికి పోవాలి, అంతే. మోకాళ్ల మీద పాకుతూ ఒడ్డుకు వచ్చి, వెనక్కి తిరిగి చెయ్యి చాచి అరిచాను. జువేరియా చెట్ల నీడలోంచి తలెత్తి చూసింది ఆ చాచిన చెయ్యినే.

తిరుగు రైలులో జువేరియా మా ముగ్గురి ఇళ్లకూ ఫోన్ చేసి, శైలజ చెయ్యి వదల్లేదు కాబట్టి జమ్లీ బతికిందని చెబుతోంది. జమ్లీ అక్క కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. ఆమె ముంజేతి మీద నా గోళ్ల గీతలు కనిపిస్తున్నాయి. అవి గట్టిగా పట్టుకున్న గుర్తులని జువేరియా అనుకుంది. కాదు అనడానికి నాకు నోరు లేకపోలేదు. విజయవాడలోపు అని ఉండొచ్చు, ఖమ్మంలోపు అని ఉండొచ్చు. అనలేదు. మరుసటి రోజు జమ్లీ అక్క భర్త మంగ్యా అన్న తండా నుంచి గంపెడు కందికాయలు తెచ్చి అరుగు మీద పెట్టి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టాడు. నాకంటే పదేళ్లు పెద్ద మనిషి. జమ్లీ అక్క అతని పక్కనే నిలబడి నన్ను చూస్తోంది. అప్పుడూ అనలేదు. బాపమ్మ కిరాణా కొట్టు దగ్గర ఆ కథ చెబుతూ కొత్త కన్నుతో నన్ను చూసి మురిసిపోయింది. ఆదివారం నీకు చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. అబద్ధం నేను ఒక్కటి కూడా ఆడలేదు. ఆడే అవసరమే రాలేదు, అందరూ నా తరఫున ఆడుతున్నారు.

ఆ రెండు వారాలు నర్సరీలో జమ్లీ అక్క మామూలుగానే ఉంది. పనికి వచ్చేది, మట్టి జల్లించేది. అన్నం మాత్రం వేరుగా తినేది, ఒంట్లో బాగాలేదని. పదకొండేళ్లలో ఆమె డబ్బా, నా డబ్బా వేరుగా తెరవడం అదే మొదలు.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. బుధవారం పొద్దున ఎవరూ రాకముందే నర్సరీకి పోయాను. ఆమె అప్పటికే జల్లెడ పట్టుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చుని చెప్పాను.

"అక్కా, ఆ దినం నీ చెయ్యి జారలె. నేనే విడిపిచ్చుకున్న."

ఆమె జల్లెడ ఆపలేదు. ఎర్రమట్టి సన్నగా కింద పడుతోంది.

"ఎరుకే," అంది. "నా వేళ్లు నాకు ఎరుక లేదా. ఒక్కొక్కటి తీసినవ్."

"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలె?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన. రైల్ల చూసిన. మా ఆయన నీకు దండం పెడుతుంటే చూసిన, గప్పుడన్న అంటవనుకున్న."

నేను ఏడ్చాను. మాఫ్ చెయ్యమన్నాను. ఆమె జల్లెడ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా వైపు తిరిగి అంది.

"నీళ్లల్ల వదిలింది నాకు సమజైతది శైలూ. ఎవ్వరి పానం వాళ్లకు తీపి, నేనైనా గట్లనే చేసేదాన్నేమో. ఒడ్డు మీద వదిలినవ్ చూడు, పదిహేను దినాలు, గది సమజ్ కాలె. పో, మా ఆయనకు నువ్వే చెప్పు. నేను చెప్ప."

అప్పుడే తండాకు పోయాను. మంగ్యా అన్న పత్తి చేనుకు బయలుదేరుతున్నాడు. నిలబెట్టి చెప్పాను. విన్నాడు. రాజీని పిలిచి నాకు మంచినీళ్లు ఇవ్వమని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు. ఆ నీళ్లు తాగడం కష్టమైంది. జువేరియాకు ఫోన్ చేస్తే, జనగామలో పదిమందికి నీ గురించి గొప్పగా చెప్పానే అని కోపంతో ఫోన్ పెట్టేసింది. మర్నాడు తనే చేసి, తిన్నావా అని అడిగింది. బాపమ్మ మాత్రం, ఎవరూ అడగనిది ఎందుకు చెప్పినవ్ అని ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంది. మీ బాపుకు ఫోనులో చెప్పాను. మంచి పని చేశావనలేదు, తప్పనలేదు. శనివారం వస్తనన్నాడు. నిన్న వచ్చాడు, ఈ రోజు పొద్దున తండాకు పోయి మంగ్యా అన్నతో చేనులో రెండు గంటలు కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. భయం లేకుండా ఎట్లుండాలో నాకు తెలియదు. భయపడినప్పుడు నా చేతులు నన్ను అడగకుండానే పనిచేశాయి. దాని గురించి ఎంత ఆలోచించినా, మళ్లీ ఆ నీళ్లలోనే నన్ను నిలబెడితే ఏం చేస్తానో ఈ రోజుకీ చెప్పలేను. ఆ తర్వాత నోరు మూసుకున్నదాని సంగతి వేరు. దానికి పదిహేను రోజులు ఆలోచించుకునే టైం ఉంది, ఆలోచించుకునే మూసుకున్నాను. నాకు సిగ్గనిపించేది అక్కడ. నువ్వు మంచె దిగిన రోజునే కూర్చుని, దిగానని మీ అమ్మకు రాశావు. అక్కడ లేని అమ్మకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, నువ్వు తప్పించుకోలేదు. నాకు చేతకానిది నువ్వు చేశావు బిడ్డా. ఆ సంగతి నీకు తెలియాలనే ఇదంతా రాశాను.

మంచె ఎక్కమని గానీ ఇంటికి రమ్మని గానీ నేను రాయను. ఉండాలనిపిస్తే ఉండు, నిచ్చెన ఎన్నిసార్లు దిగినా పర్వాలేదు. రావాలనిపిస్తే రా, మహబూబాబాద్ స్టేషనుకు నేనే వస్తాను. మీ బ్యారక్‌లో చెప్పిన కథ మాత్రం సరిచెయ్యి. అది నీకు కష్టమని తెలుసు, నేను చేసినదానికి నువ్వు తల దించుకోవాల్సి వస్తోంది. అందుకు నీకు కూడా మాఫీ చెప్పుకుంటున్నాను.

ఇక్కడిదాకా రాసి మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే జమ్లీ అక్క వచ్చింది. ఆ రోజు తర్వాత మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. అక్షయకు రాస్తున్నానని చెబితే చదవమంది. తన గురించి రాసినవి తనకు తెలియాలి కదా అని మొత్తం చదివాను. మధ్యలో రెండుచోట్ల నవ్వింది, పొన్న చెట్టు దగ్గర, సీతాఫలం దగ్గర. వేళ్లు విప్పిన చోట తల దించుకుని నేల చూసింది. చివర నేను, "జమ్లీ అక్క నన్ను క్షమించింది" అని ఒక వాక్యం రాసి ఉంచాను. నీకు నిశ్చింతగా ఉంటుందని రాశాను. అక్కడ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది కొట్టెయ్," అంది.

కొట్టేశాను. మరేం రాయమంటావని అడిగాను.

"ఇంక కాలె. అయితున్నది అని రాయి. పిల్ల చదువుకున్నది, దానికి సమజైతది."

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమె ఇంకా అరుగు మీదే ఉంది. నేను కాగితం మడిచేలోపు అన్నం తెమ్మంటోంది, ఇద్దరికీ ఒకే కంచంలో.

ఇట్లు,
నీ మేలు ఎప్పుడూ కోరుకునే
మీ అమ్మ,
శైలజ.